ఒడ్డు లేని ఊరి నుంచి ఓడ మీదికి: నేవీలో చేరే బిడ్డకు ఇంటివాళ్ళు చేయాల్సిన పనులు

హనుమకొండలో నాకొక జిరాక్స్ దుకాణం ఉంది. ఇరవై ఏళ్ళుగా ఊరివాళ్ళ మెమోలు, కుల ధ్రువపత్రాలు, ఆధార్ కార్డులు నా మిషను గాజు పలక మీద బోర్లా పడుకొని లేచి వెళ్తున్నాయి. మా అమ్మాయి అగ్నివీర్‌గా, అంటే నాలుగేళ్ళ సేవకు తీసుకునే అగ్నిపథ్ పథకం కింద, నేవీలో చేరినప్పటి నుంచి కాగితాలతోపాటు ప్రశ్నలు కూడా వస్తున్నాయి. పరకాల నుంచి ఒక తండ్రి, జనగామ నుంచి ఒక తల్లి, భూపాలపల్లి నుంచి సింగరేణిలో పనిచేసే ఒక మేనమామ. అందరిదీ ఒకే అడుగుడు: పిల్లకో పిల్లవాడికో ఉత్తర్వు వచ్చింది, ఇప్పుడు మేమేం చేయాలి?

వాళ్ళకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. తిండి, బట్ట, చదువు, క్రమశిక్షణ నేవీ చూసుకుంటుంది. మన చేతుల్లో మిగిలేది కొంచెమే. చిక్కల్లా ఏమిటంటే, ఆ కొంచెం వదిలేసి మనం మిగతా అంతటిలో వేలు పెడతాం.

ముందు కాగితాలు

ఎంపిక పూర్తయి పిలుపు ఉత్తర్వు వచ్చాక దుకాణానికి పరిగెత్తుకొస్తారు. అంతకు ఆరు నెలల ముందే రావాలి. పుట్టిన తేదీకీ పేరుకూ పదో తరగతి మెమోనే ప్రమాణం. అందులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉంటే చిక్కు మొదలవుతుంది. మెమోలో తప్పు దిద్దించాలంటే బడి ప్రధానోపాధ్యాయుడి ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగం దాకా వెళ్ళాలి, రోజులు పడుతుంది. ఆధార్‌ను మెమోకు సరిపోయేలా మార్చుకోవడం సులువు. కాబట్టి మెమోను కదిలించకండి. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా, మూడింటినీ దాని వెంట నడిపించండి.

ఊరందరి కాగితాలూ చూసే నాకే మా ఇంట్లో తప్పు కనబడలేదు. అమ్మాయి మెమోలో తల్లి పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంది. మా ఆవిడ ఆధార్‌లో నా ఇంటిపేరు. నామినీ వివరాలు రాయాల్సిన రోజున ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూసుకొని తల పట్టుకున్నాను. బిడ్డ కాగితాలే కాదు, అమ్మానాన్నల కాగితాలు కూడా సరిచూసుకోవాలి.

పది, ఇంటర్ అసలు మెమోలు, మీ సేవ ద్వారా తహసీల్దారు ఇచ్చే నివాస, కుల ధ్రువపత్రాలు, కాలేజీ నుంచి ప్రవర్తన ధ్రువపత్రం, ఫోటోలు. ఇవి సాధారణంగా అడిగేవి. కచ్చితమైన జాబితా పిలుపు ఉత్తర్వులోనే ఉంటుంది. దాన్నే నమ్మండి, పక్కింటి కుర్రాడు పోయినేడు ఏం తీసుకెళ్ళాడన్నది కాదు. అన్నీ స్కాన్ చేసి ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. జిరాక్స్ ఎన్ని అని నన్నడిగితే నా వ్యాపారం చూసుకొని చెప్తానని అనుమానిస్తారు గానీ, ఒక్కోటి ఐదైనా తీయించండి.

ఒక్క మాట కటువుగా చెప్తాను. ఎంపిక చేయిస్తాను, వైద్య పరీక్షలో చూసుకుంటాను అని డబ్బులడిగేవాడు ఎవడైనా సరే మోసగాడే. నియామక ప్రకటనలు, హాల్ టికెట్లు, ఫలితాలు నేవీ అధికారిక వెబ్‌సైటులోనే వస్తాయి.

ఒంటిని సిద్ధం చేయడం

ఎంపికలో అబ్బాయిలు 1.6 కిలోమీటర్లు ఆరున్నర నిమిషాల్లో, అమ్మాయిలు ఎనిమిది నిమిషాల్లో పరిగెత్తాలి. అది గట్టెక్కగానే పిల్లలు పరుగు మానేసి పెళ్ళిళ్ళూ పుట్టినరోజుల చుట్టూ తిరుగుతారు. రెండు నెలలు తిని కూర్చున్న కాళ్ళు శిక్షణ మైదానంలో మొదటి వారానికే మొరాయిస్తాయి. చేరే రోజు దాకా పొద్దున్నే లేపి పరిగెత్తించండి. కొత్త బూట్లు కొంటే రైలెక్కే ముందు రోజు కొనకండి, నెల ముందు కొని కాలికి అలవాటు చేయండి.

ఈత మరీ ముఖ్యం. మాది సముద్రానికి 200 కిలోమీటర్ల పైనే దూరమున్న నేల. మా తరం మోట బావుల్లో ఎండిన సొరకాయ బుర్రలు నడుముకు కట్టుకొని నేర్చుకుంది. మొదట రెండు బుర్రలు, తరవాత ఒకటి. చివరికి మామయ్య ఎవరో చెప్పాపెట్టకుండా అదీ విప్పేసి తోసేసేవాడు. ఇప్పటి పిల్లలకు బావీ లేదు, బుర్రా లేదు. నేవీలో ఈత తప్పనిసరి, రానివాళ్ళకు వాళ్ళే నేర్పుతారు. అయినా నీళ్ళంటే ఉన్న భయం ఇక్కడే వదిలించి పంపితే అక్కడ సగం బాధ తగ్గుతుంది. శిక్షకుడున్న కొలనులోనే నేర్పించండి. పాకాల, లక్నవరం లాంటి చెరువుల్లో ప్రయోగాలు వద్దు.

తొలి శిక్షణ జరిగే చిల్కా చేరాక తుది వైద్య పరీక్ష ఉంటుంది. ఇంటి దగ్గర బాగానే ఉన్న పిల్లలు కొందరు అక్కడి నుంచి వెనక్కి వస్తారు. అందుకే పంటి మీద పేరుకున్న గార, చెవిలో గులిమి ముందే తీయించుకొని రమ్మని నియామక ప్రకటనల్లోనే చెప్తారు. ఇది చిన్న విషయమని నవ్వుకోకండి. అమ్మాయిలకు రక్తపరీక్ష చేయించి హిమోగ్లోబిన్ ఎంతుందో చూడండి, తక్కువుంటే దిద్దుకోవడానికి సమయం కావాలి. పచ్చబొట్టు మోచేతి లోపలి నుంచి మణికట్టు దాకా, అరచేతి వెనక వైపు ఉంటే ఒప్పుకుంటారు, మరోచోట ఉంటే ఒప్పుకోరు. జాతరకు వెళ్ళిన పిల్ల సరదాపడి భుజం మీద వేయించుకుంటే ఆ సరదా ఉద్యోగాన్నే మింగేస్తుంది.

చిల్కా అంటే ఓడ కాదు

నావికుల తొలి శిక్షణ ఒడిశాలోని ఐఎన్ఎస్ చిల్కాలో జరుగుతుంది. ఐఎన్ఎస్ అంటే భారత నౌకాదళ నౌక అని ఎవరో చెప్పేసరికి మా అమ్మ, పిల్లను నేరుగా సముద్రంలోకి తోలేస్తున్నారని రెండు రోజులు అన్నం ముట్టలేదు. చిల్కా ఓడ కాదు, చిలికా సరస్సు ఒడ్డున నేల మీద ఉన్న శిక్షణ కేంద్రం. గట్టు మీది స్థావరాలకు కూడా ఓడల్లాగే పేర్లు పెట్టడం నేవీ ఆచారం. గేటు దాటి బజారుకు వెళ్ళడాన్ని కూడా ఒడ్డుకు వెళ్ళడమే అంటారు.

వరంగల్ నుంచి విజయవాడ, విశాఖ మీదుగా భువనేశ్వర్ వెళ్ళే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ మనవాళ్ళకు అందుబాటులో ఉన్న రైలు. దిగాల్సిన స్టేషను బాలుగావ్. రైలు రిజర్వేషను 60 రోజుల ముందే తెరుస్తారు, ఉత్తర్వు అందిన గంటలో టికెట్టు తీసుకోండి. ఇంటిల్లిపాదీ వెళ్ళకండి. ఒక్కరు చాలు. వెళ్ళేవాళ్ళు గేటు దగ్గర కన్నీళ్ళు ఆపుకోగలిగినవాళ్ళై ఉండాలి. మా ఇంట్లో ఆ అర్హత ఉన్నది మా బావమరిది ఒక్కడికే, అతన్నే పంపాం.

సంచి తేలిగ్గా ఉండాలి. జాబితాలో ఉన్నవి, ఒక చిన్న తాళం, సూది దారం. ఇంటి నుంచి సకినాలూ గారెలూ డబ్బాల్లో కట్టిచ్చే ఆరాటం ఆపుకోండి. రైల్లో తినడానికి ఇవ్వండి, అంతే. సూది దారం మాత్రం మరవకండి. బొత్తాం కుట్టుకోవడం, బట్టలు ఉతికి ఇస్త్రీ చేసుకోవడం, బూటు మెరిపించడం, పక్క సర్దుకోవడం ఇంట్లోనే అలవాటు చేయాలి. మా అమ్మాయి వెళ్ళే నెల ముందు నుంచి వాళ్ళమ్మ ఆమె బట్టలు ముట్టుకోలేదు. ఆ నెలలో రెండు చున్నీలు కాలాయి. ఆ కాలేదేదో ఇక్కడే కాలింది.

భాష సంగతీ చెప్పుకోవాలి. శిక్షణంతా హిందీ, ఇంగ్లీషుల్లో నడుస్తుంది. తెలుగు మాధ్యమంలో చదివిన పల్లెటూరి పిల్లలు మొదట బెదురుతారు. నిజానికి మన జిల్లాల పిల్లలకు బజారులో వినబడే దక్కనీ ఉర్దూ పుణ్యమా అని చెవి కొంత తెరుచుకొనే ఉంటుంది. రెండు నెలలు రోజూ హిందీ వార్తలు వినిపించండి. అంకెలూ కుడిఎడమలూ ఆజ్ఞలూ అర్థమైతే చాలు, మిగతాది బ్యారక్‌లో పక్క మంచంవాళ్ళు నేర్పేస్తారు.

మాట రాని రోజులు

అసలు పరీక్ష మనకు ఇక్కడుంది. శిక్షణ సుమారు నాలుగు నెలలు. ఆ కాలంలో ఫోను పిల్లల చేతిలో ఉండదు. అనుమతిచ్చిన రోజున, ఇచ్చినంతసేపే. ఆదివారం వస్తుందనుకున్న ఫోను రాకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

ఉత్తర తెలంగాణకు ఈ ఎదురుచూపు కొత్త కాదు. జగిత్యాల, నిజామాబాద్ వైపు ఇళ్ళల్లో గల్ఫ్ ఫోను కోసం ఎదురుచూసిన తరాలున్నాయి. భూపాలపల్లి, గోదావరిఖనిలో గనిలోకి దిగినవాడు షిఫ్టు దిగి బయటికొచ్చేదాకా ఇంటివాళ్ళు గడియారం చూస్తూనే ఉంటారు. మా దుకాణానికి వచ్చిన ఆ సింగరేణి మేనమామే నాకొక మంచి మాట చెప్పాడు. గని లోపల ఉన్నవాడి నుంచి కబురు రావడం లేదంటే పని నడుస్తోందని అర్థమట. కబురొస్తేనే భయపడాలట. ఆ మాట మా ఆవిడకు చెప్పాను, కొంత కుదుటపడింది.

మొదటి ఫోను వచ్చినప్పుడు ఆరేడు నిమిషాలు దొరికాయి. మా ఆవిడ అందులో నాలుగు నిమిషాలు తిన్నావా, ఏం తిన్నావు, కూర ఎలా ఉంది అని అడగడానికే ఖర్చుపెట్టింది. మిగతా రెండు నిమిషాలు ఇద్దరూ ఏడ్చారు. బ్యాంకు ఖాతా గురించి అడగాల్సింది అడగనే లేదు. తరవాతి ఆదివారానికి కరెంటు బిల్లు వెనక మూడు ముక్కలు రాసి ఫోను పక్కన పెట్టాను: ఖాతా పని అయిందా, కాలి నొప్పి ఎలా ఉంది, తమ్ముడి మార్కులు. ఆ చీటీ పద్ధతి అప్పటి నుంచీ సాగుతోంది. చీటీలో ఇంటి కష్టాలు రాయకూడదన్నది మా నియమం.

పిల్ల ఏడుస్తుంది. వచ్చేస్తానంటుంది. నోరు జారి వచ్చేయమనకండి, సిగ్గులేదా అని గద్దించనూ వద్దు. ఈ వారం గడవనీ, ఆదివారం మళ్ళీ మాట్లాడుకుందాం అనండి. వారానికి వారం జరుపుకుంటూ పోతే మూడో నెలలో ఆమే మనల్ని ఊరడిస్తుంది. నొప్పి సంగతి మాత్రం వేరు. పిక్కల కింది ఎముక నొప్పిని పంతానికి దాచుకొని పరిగెత్తితే ఎముక చిట్లే దాకా వస్తుంది. వైద్యుడికి చెప్పడం పిరికితనం కాదని ముందే నూరిపోయండి. బాధ ఎక్కువై నిద్ర పట్టడం లేదన్నా అంతే, డివిజనల్ ఆఫీసరుకు చెప్పుకోమనండి. పిల్లల బాగోగులు చూడడం ఆయన విధుల్లో భాగం.

ఇక్కడ మేం చేసిన తప్పు కూడా చెప్పాలి. పిల్ల శిక్షణలో ఉండగా మా అమ్మ పోయింది. పరీక్షలు దగ్గర పడ్డాయని పది రోజులు దాచాం. పిల్లకు ఫోను దొరికిన ఆదివారం, మేం మాట్లాడేలోపే, బంధువుల కుర్రాడు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన దండ వేసిన ఫోటో చూసింది. ఆ తరవాత నెల రోజులు మేం ఇంట్లో అంతా బాగుందంటే నమ్మలేదు. కబురు ఎంత చేదైనా దాచకండి. అత్యవసరమైతే బిడ్డ ఫోను కోసం కాచుకోకుండా ఆమె విభాగానికి తెలియజేయండి. ఆసుపత్రి కాగితమో మరణ ధ్రువపత్రమో చూపించగలిగేలా ఉంచుకోండి. ఆ విభాగం నంబరు చేరిన మొదటి వారంలోనే అడిగి గోడ మీద రాసిపెట్టుకోవాలి. సెలవు కోసం నాయనమ్మకు సీరియస్ అని అబద్ధం చెప్పే తెలివి వద్దు, నిజంగా సీరియస్ అయిన రోజున నమ్మేవాళ్ళుండరు.

కవాతు రోజు

శిక్షణ ముగింపు కవాతుకు తల్లిదండ్రులను పిలుస్తారు. తొలి అగ్నివీర్ బృందం కవాతు 2023 మార్చి 28న సూర్యాస్తమయం తరవాత దీపాల వెలుగులో జరిగింది. అందులో 270 మందికి పైగా అమ్మాయిలు. నేవీ ఆడపిల్లలను నావికులుగా తీసుకోవడం ఈ పథకంతోనే మొదలైంది. వీలైతే తప్పకుండా వెళ్ళండి. గుర్తింపు కార్డులు పెట్టుకోండి, బస ముందే చూసుకోండి. నేవీ చిహ్నం మీద 'శం నో వరుణః' అని కనబడుతుంది. మన పూజల్లో పురోహితులు చదివే 'శం నో మిత్రః శం వరుణః' శాంతిమంత్రంలోని ముక్కే అది. వరుణుడు మాకు శుభం చేయుగాక అని. మా ఆవిడకు ఆ రోజున నేవీ మీద నమ్మకం కలిగించింది తుపాకులు కావు, ఆ మూడు పదాలు.

అక్కడి నుంచి పిల్లలు చెల్లాచెదురవుతారు. ఇంజనీరింగ్ వైపు వెళ్ళినవాళ్ళకు లోనావాలాలోని ఐఎన్ఎస్ శివాజీ, విద్యుత్ విభాగానికి జామ్‌నగర్‌లోని ఐఎన్ఎస్ వల్సురా, ఫిరంగి విద్యకు కొచ్చిలోని ఐఎన్ఎస్ ద్రోణాచార్య, వంట, స్టోర్సు లాంటి పనులకు ముంబయిలోని ఐఎన్ఎస్ హమ్లా. జలాంతర్గాముల బడి విశాఖలో ఉంది, పేరు ఐఎన్ఎస్ శాతవాహన. కోటిలింగాలలో నాణేలు దొరికిన ఆ శాతవాహనులే.

ఓడ ఎక్కాక నోటికి తాళం

నౌక సముద్రంలోకి వెళ్తే వారాల తరబడి మాట ఉండకపోవచ్చు. ఎప్పుడు బయల్దేరుతుంది, ఎక్కడికి, ఎప్పుడొస్తుంది అని అడగకండి. పిల్ల చెప్పకూడదు, మనకు తెలియనూ కూడదు. 2019 డిసెంబరులో గూఢచర్యం కేసులో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఏడుగురు నేవీ సిబ్బందిని అరెస్టు చేశారు. సామాజిక మాధ్యమాల్లో ఆడపేర్లతో పరిచయం చేసుకొని వలలో వేసిన వ్యవహారమది. ఆ తరవాత నౌకల్లో, స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లు, ఫేస్‌బుక్ వాడకాన్ని నేవీ నిషేధించింది. ఇంట్లో మన వంతు చిన్నదే. యూనిఫారం ఫోటోతో పాటు నౌక పేరు, ఊరు, తేదీ పెట్టి స్టేటస్ వేయకండి. కాలనీ గ్రూపులో మా అమ్మాయి ఫలానా ఓడలో ఫలానా రోజు బయల్దేరుతోందని గొప్పలు పోకండి. మీ బిడ్డ ఏదో కేసులో చిక్కింది, డబ్బు పంపండి అని ఎవరైనా ఫోను చేస్తే పెట్టేసి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెప్పండి.

ఉత్తరాలు రాయొచ్చు. నౌక మీదున్న వాళ్ళకు ఫ్లీట్ మెయిల్ ఆఫీసు ద్వారా టపా అందుతుంది, చిరునామా ఎలా రాయాలో పిల్లే చెప్తుంది. ఫోనులో మాట గాలికి పోతుంది, ఉత్తరం దిండు కింద ఉంటుంది.

ఓడలో జీవితం ఎలా ఉంటుందో ఊహకందకపోతే విశాఖలో రామకృష్ణా బీచ్‌కు వెళ్ళి కురుసురా జలాంతర్గామి చూడండి. 1969లో సేవలో చేరి 2001లో విరమించిన 91 మీటర్ల పొడవైన ఆ నౌక ఇప్పుడు మ్యూజియం. ఓడలో ఇంతకన్నా చోటుంటుంది గానీ, ఆ ఒకదాని మీద ఒకటున్న ఇరుకు మంచాలు చూశాక మా ఆవిడ ఫోనులో కూర గురించి అడగడం మానేసి నిద్ర గురించి అడగడం మొదలుపెట్టింది.

జీతం ఎవరిది

లెక్క విప్పి చెప్తాను, ఎందుకంటే దుకాణంలో ఎక్కువ మంది తప్పు లెక్కలే చెప్తుంటారు. అగ్నివీర్‌కు మొదటి ఏడు నెలకు 30,000, తరవాతి ఏళ్ళల్లో 33,000, 36,500, 40,000. ఇందులో 30 శాతం సేవానిధికి, అంటే నాలుగేళ్ళ చివర ఒకేసారి చేతికొచ్చే నిధికి, పోతుంది. చేతికొచ్చేది మొదటి ఏడు 21,000, నాలుగో ఏడు 28,000. ప్రభుత్వం అంతే మొత్తం కలుపుతుంది కాబట్టి నాలుగేళ్ళకు 10.04 లక్షలు, దాని మీద వడ్డీ. మొత్తం సుమారు 11.71 లక్షలని పథకం ప్రకటించినప్పుడు చెప్పారు. దీనికి ఆదాయపు పన్ను లేదు. 48 లక్షల జీవిత బీమాకు పిల్ల ఏమీ కట్టక్కర్లేదు. పింఛను, గ్రాట్యుటీ, మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఉండవు. నాలుగేళ్ళయ్యాక 25 శాతం మంది వరకే రెగ్యులర్ ఉద్యోగంలోకి తీసుకుంటారు.

కాబట్టి ఈ జీతం చూసి మేడ మీద స్లాబ్ వేయకండి. చిట్టీ ఎత్తి, పిల్ల కడుతుందిలే అనుకోకండి. మొదటి జీతంలో అమ్మకొక చీర, తమ్ముడికొక చొక్కా తీసుకోనివ్వండి, ఆ సంతోషం ఆమెది. మిగతాది ఆమె ఖాతాలోనే ఉండాలి. నాలుగేళ్ళ తరవాత బయటికి వస్తే దారులు లేకపోలేదు. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో 10 శాతం కోటా 2022లోనే ప్రకటించారు. సేవలో నేర్చిన నైపుణ్యానికి క్రెడిట్లు ఇచ్చి ఇగ్నో డిగ్రీ చదివిస్తుంది. పది పాసైన పిల్లలకు పన్నెండో తరగతికి సమానమైన ధ్రువపత్రం వచ్చే ఏర్పాటుంది. మూడో ఏటి నుంచే చదువు మాట ఎత్తండి. నాలుగో ఏట ఎత్తితే ఆలస్యం.

పెళ్ళి మాట ఎత్తే బంధువులకు సమాధానం నిబంధనల్లోనే ఉంది. ఈ నాలుగేళ్ళూ అగ్నివీర్ పెళ్ళి చేసుకోకూడదు. మా పెద్దమ్మ సంబంధాల చిట్టా పట్టుకొని వచ్చినప్పుడు ఆ నిబంధన ఉన్న కాగితాన్ని జిరాక్స్ తీసి చేతిలో పెట్టాను. పనికొచ్చింది.

మొదటి సెలవు

ఏడాదికి 30 రోజుల సెలవు. వచ్చే పిల్ల, వెళ్ళిన పిల్ల ఒకటి కాదు. తెల్లవారుజామునే లేచి కూర్చుంటుంది. దుప్పటి గీత గీసినట్టు మడుస్తుంది. ఇంట్లో ఏది ఎక్కడ ఉండాలో మనకు చెప్పడం మొదలుపెడుతుంది. మా ఆవిడకు రెండో రోజుకే ఒళ్ళు మండింది. ఒక వారం ఓపిక పట్టండి, పాత పిల్ల కొంత వెనక్కి వస్తుంది. వచ్చిన రోజునే భద్రకాళి గుడి, మేనత్త ఇల్లు, పాత కాలేజీ, ఫంక్షన్లంటూ ఊరేగించకండి. ముందు రెండు రోజులు పడుకోనివ్వండి. సర్వపిండి అడిగితే చేసి పెట్టండి, అడక్కపోయినా పెట్టండి. అక్కడేం చేస్తారు, తుపాకీ కాల్చావా అని చుట్టాలు గుచ్చి గుచ్చి అడిగితే మీరే మాట మార్చండి, ఆమెను ఇరకాటంలో పెట్టకండి.

తిరుగు టికెట్టు సెలవు ముగిసే రోజుకు చేరేలా కాదు, ఒక రోజు ముందే చేరేలా తీసుకోండి. వానాకాలంలో కోస్తా మీద తుపాను వస్తే రైళ్ళు గంటల తరబడి ఆగిపోతాయి, ఆలస్యానికి జవాబు చెప్పుకోవాల్సింది పిల్లే. క్రితంసారి మా అమ్మాయిని వరంగల్ స్టేషనులో ఎక్కించినప్పుడు మా ఆవిడ డబ్బాలో సకినాలు పెట్టింది. ఈసారి నేను అడ్డు చెప్పలేదు. వాళ్ళ మెస్‌లో పంజాబ్ పిల్ల ఒకతెకు అవి బాగా నచ్చాయట, డబ్బా పెద్దది పంపమని మా అమ్మాయే అడిగింది.